పనివాని పొద్దు: సచిన్ మగ్గముల నుండి కంప్యూటరుల వఱకు

సూరతు నగరమునకు దక్షిణమున, బొంబాయికి పోవు రైలుమార్గము మీద సచిన్ అను ఊరు గలదు. నేటివారికి ఆ పేరు వినగానే క్రికెటు ఆటగాడు తలపునకు వచ్చును గాని ఊరి చరిత్ర అంతకంటె మిక్కిలి పాతది. 1791లో జంజీరా సిద్దీల వంశమువారొకరు పీష్వాలతో కుదిరిన ఒప్పందము మేరకు ఈ సీమను పొంది చిన్న సంస్థానమొకటి నెలకొల్పిరి. ఆఫ్రికా ఖండమునుండి వచ్చిన పూర్వులు గల ఆ నవాబుల యేలుబడి 1948 వఱకు సాగెను. ఆ యేట సంస్థానము బొంబాయి రాష్ట్రమున లీనమయ్యెను. 1960లో గుజరాతు వేఱు రాష్ట్రమయ్యెను. 1962లో అచటి ప్రభుత్వము పారిశ్రామికాభివృద్ధి సంస్థను స్థాపించెను. ఆ సంస్థ ఏర్పఱచిన పారిశ్రామికవాడలలో నొకటి సచిన్‌లో వెలసినది. నవాబుల పేర పరగిన ఊరు నేడు మరమగ్గముల చప్పుడుతోను, అద్దకపు కర్మాగారముల పొగగొట్టములతోను గుర్తింపబడుచున్నది.

సూరతు ప్రాంతమునకును తెలుగువారికిని గల సంబంధము నేతపని వలన కలిగినది. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ మొదలగు జిల్లాల పద్మశాలి కుటుంబములు, స్వగ్రామములలో చేతిమగ్గము కూడు పెట్టలేని దినములలో, షోలాపురమునకును, భివండికిని, సూరతునకును వలసపోయినవి. సూరతు పురపాలక సంఘమువారి ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమము గూడ ఉండుటయే ఈ వలస ఎంతటిదో తెలుపుటకు చాలును. ఇట్టి కుటుంబములు కొన్నిటిలో తాత చేతిమగ్గము నేసెను. తండ్రి మరమగ్గము నడపెను. మనుమడో మనుమరాలో కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. ఈ మూడు తరముల పనులకు పైకి పొత్తు లేనట్లు తోచును. కాని చరిత్రను తఱచి చూచినవారికి అవి ఒకే దారమున గ్రుచ్చిన పూసలవలె కనబడును.

మగ్గమునకును కంప్యూటరునకును గల చుట్టఱికము కవికల్పన కాదు. అంతకంటె ముఖ్యముగా, ఆ రెండు పనులలోను ఒకే ప్రశ్న మరల మరల తలయెత్తుచున్నది: పనిచేయువాని పొద్దు ఎక్కడ వృథాయగుచున్నది? ఆ చోటు ఎవరికి కనబడును? పెద్ద సంస్థలలో సాఫ్టువేరు వ్రాయువారి దినచర్యను బాగుపఱచుటకు గడచిన అరువదేండ్లకు పైగా జరిగిన యత్నముల చరిత్రయంతయు ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే.

మగ్గముతోనే మొదలుపెట్టుట న్యాయము. పువ్వులు, లతలు, పక్షులు గల పట్టుబట్టను నేయుటకు ఐరోపాలో పూర్వము ఒకడు చాలకుండెను. నేతగాడు క్రింద నాడెను ఆడించుచుండగా, వేఱొకడు, తఱచుగా ఒక బాలుడు, నమూనా ప్రకారము పడుగు పోగులను కట్టలు కట్టలుగా పైకి లాగి పట్టుకొనుచుండెడివాడు. దినమెల్ల బరువులు లాగుటచే వాని చేతులును నడుమును పడిపోవుచుండెను. ఫ్రాన్సు దేశములోని లియోను నగరమునకు చెందిన జోసెఫ్ మరీ జకార్డు ఈ పనిని యంత్రమునకు అప్పగించెను. ఆయన తండ్రి నేతగాడు; చిన్ననాట తానును ఆ దారములు లాగినవాడే యని చెప్పుదురు. అట్టలపై చిల్లులు పొడిచి, చిల్లున్నచోట పోగు లేచునట్లును, లేనిచోట క్రిందనే ఉండునట్లును 1804లో ఆయన చేసిన ఏర్పాటునకు ముందుగా బూషాను, ఫాల్కను, వొకాన్సను అనువారు దారి తీసియుండిరి. జకార్డు వారి యుక్తులను జతపఱచి పనికి వచ్చు యంత్రముగా చేసెను. 1812 నాటికి ఫ్రాన్సులో ఇట్టి మగ్గములు పదునొకండు వేల వఱకు ఉండెనని చరిత్రకారులు వ్రాసిరి.

బాలుని నడుము నొప్పి తీఱెను. ఐనను లియోను నేతగాండ్ర కష్టము తీఱలేదు. 1831లో తమ నేతకూలికి కనీసపు రేటు నిర్ణయింపవలెనని వారు కోరిరి. కుదిరిన రేటును వర్తకులు కొందఱు ఒప్పుకొనకపోగా తిరుగుబాటు చెలరేగెను. 1834లో మరల అట్లే జరిగెను. పరికరము మెరుగుపడినంత మాత్రమున పనివాని బ్రతుకు మెరుగుపడదనుటకు ఇది తొలి పాఠము. ఈ పాఠమును కంప్యూటరుల యుగము గూడ మరల నేర్చుకొనవలసి వచ్చినది.

జకార్డు అట్టలు మగ్గముతో ఆగిపోలేదు. ఇంగ్లండులో చార్లెసు బాబేజి అను గణితజ్ఞుడు తాను తలపెట్టిన గణన యంత్రమునకు ఆజ్ఞలను చిల్లుల అట్టల మూలమున అందింప నెంచెను. దాదాపు 24,000 అట్టల సాయమున పట్టుపై నేసిన జకార్డు చిత్రపటమొకటి ఆయన యింట ఉండెడిది. బాబేజి యంత్రము పూర్తికాలేదు. అమెరికాలో హెర్మన్ హోలరితు 1890 జనాభా లెక్కలను చిల్లుల అట్టలతో లెక్కించి చూపెను. అటుపిమ్మట ఆ అట్టలే కార్యాలయముల లెక్కలకును, రెండవ ప్రపంచయుద్ధానంతరము కంప్యూటరులకును ఆహారమయ్యెను. భారతదేశమున కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థకు 1955లో కంప్యూటరు వచ్చెను. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు స్వయముగా నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనికి వచ్చెను. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను ఏర్పడెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు దానికి మూలపురుషులు. ఆ సంస్థ తయారుచేసిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. దేశమున కంప్యూటరు తయారీకి తెలుగుగడ్డ ఒక పుట్టినిల్లన్న మాట.

ఆ దినములలో ప్రోగ్రామరు పొద్దు ఎట్లు గడచెడిదో నేటి యువకులకు చెప్పిననుగాని తెలియదు. ముందు గళ్ల కాగితముపై ఆజ్ఞలను వ్రాయవలెను. దానిని చూచి వేఱొకరు అట్టలపై చిల్లులు కొట్టుదురు. ఒక అట్టకు ఎనుబది నిలువు గళ్లు. సాధారణముగా ఒక అట్టకు ఒక వాక్యము. వందలకొలది అట్టల దొంతరను కిటికీవద్ద అప్పగించి వేచియుండవలెను. యంత్రము అందఱి పనులను వరుసగా చేయును గనుక ఫలితము కొన్ని గంటలకో, మఱునాటికో చేతికందెడిది. తీఱ చూడగా ఒక కామా తప్పిపోవుటచే పని నిలిచిపోయినదని కాగితముపై అచ్చుపడియుండును! ఆ కామాను దిద్ది మరల కిటికీవద్దకు పోవలెను. దొంతర చేజారి నేలపై పడినచో క్రమము చెడును. కావున దొంతర అంచున ఏటవాలుగా పెన్సిలుతో ఒక గీత గీసియుంచుట ప్రోగ్రామరుల వాడుక. గీత తిన్నగా కుదిరినచో అట్టలు వరుసలో నున్నట్లు. ఏ పై అధికారియు ఈ యుక్తిని నేర్పియుండలేదు. అట్టలు ఏఱుకొన్నవారే కనిపెట్టిరి.

ఇట్లు ఆలోచనకు పట్టిన కాలముకంటె ఎదురుచూపునకు పట్టిన కాలము హెచ్చుగా నుండెను. కాని యంత్రము వెల లక్షలమీద, మనిషి జీతము వందలమీద ఉన్న దినములవి. యంత్రము ఖాళీగా ఉండుట అపచారముగను, మనుష్యుడు వేచియుండుట సహజముగను తలపబడెను. ఈ లెక్కను తలక్రిందులు చేసినవారిలో ముఖ్యుడు మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఫెర్నాండో కార్బాటో. ఒకే యంత్రము అనేకులకు వంతులవారీగా, వంతు తెలియనంత వేగముగా పనిచేసిపెట్టు పద్ధతిని ఆయన బృందము 1961 నవంబరులో ప్రదర్శించెను. తప్పు చేసిన క్షణముననే తప్పు కనబడుట ప్రోగ్రామరు బ్రతుకులో గొప్ప మార్పు. యంత్రము వేగముగా బదులు పలికినప్పుడు మనుష్యుని పని ఎంత పెరుగునో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన డోహర్టీ, థదానీ అనువారు 1982లో లెక్కలతో చూపిరి. బదులు వచ్చు కాలము మూడు సెకండ్ల నుండి సెకండులో పదింట మూడువంతులకు తగ్గినప్పుడు ప్రోగ్రామరు గంటలో చేయు పని రెట్టింపునకు మించెను. ఎదురుచూచిన మూడు సెకండ్లే కాదు, ఆ మూడు సెకండ్లలో చెదరిపోయిన ఆలోచన గూడ మిగిలినది గదా!

పెద్ద సంస్థలో ప్రోగ్రామరుల దినచర్యనే ఒక ప్రత్యేక విషయముగా తీసికొని చేసిన తొలి యత్నములలో ప్రసిద్ధమైనది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జరిగినది. అచట వ్యాపార కార్యక్రమముల విభాగమున దాదాపు వేయిమంది పనిచేయుచుండిరి. వారు వ్రాయు ప్రోగ్రాములు వేర్వేరు కంపెనీల పెద్ద కంప్యూటరులపై నడువవలసినవి. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క భాష, ఒక్కొక్క మర్యాద. ఒక యంత్రముపై ఆరితేరినవాడు వేఱొకదానిపై మరల ఓనమాలు దిద్దుకొనవలసి వచ్చెడిది. 1973లో రడ్ కెనడే, ఇవాన్ ఐవీ మొదలగువారు వేఱొక ఊహ చేసిరి. కుర్చీ ఏ యింట వేయబడినను వడ్రంగి దానిని తన పనిబల్ల మీదనే చేయును. అట్లే ప్రోగ్రాము ఏ యంత్రముపై నడచునదైనను దానిని వ్రాయుటకు, దిద్దుటకు, భద్రపఱచుటకు ప్రోగ్రామరునకు తనదైన పనిబల్ల ఒకటి ఉండవలెను. యూనిక్సు పద్ధతి గల చిన్న యంత్రములను ఇందుకై ఏర్పఱచి, దానికి ప్రోగ్రామరుల పనిబల్ల అనియే పేరిడిరి. పరికరము సంస్థ కొఱకు గాక పనిచేయువాని కొఱకు నిర్మింపబడినదని ఆ పేరే చెప్పుచున్నది.

ఆ వాతావరణముననే మఱి రెండు పనిముట్లు పుట్టినవి. ఒక ప్రోగ్రామును పలువురు దిద్దుచున్నప్పుడు ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో తెలియక తగవులు పుట్టెడివి. మార్క్ రోచ్‌కైండ్ 1972లో ప్రతి మార్పును కాలక్రమమున భద్రపఱచు ఉపకరణమును చేసెను. కార్యాలయపు ఫైలులో ప్రతి నోటు క్రిందను తేదీ, సంతకము ఉండుట వంటిదది. రెండవది స్టూవర్టు ఫెల్డ్‌మన్ 1976లో చేసినది. ఆయన సహోద్యోగి యొకడు ఒక ప్రోగ్రాములోని దోషమును అంతకుముందే దిద్దియుండెను. కాని దిద్దిన భాగము యంత్రభాషలోనికి మరల మార్పబడలేదు. ఆ సంగతి తెలియక, సరియైనదానిలో దోషమును వెదకుచు ఉదయమంతయు పోగొట్టుకొని విసిగిపోయెను. ఏ భాగము మారినదో కనిపెట్టి, దానికి తగినంతవఱకే మరల తయారుచేయు ‘మేక్’ అను ఉపకరణము ఆ విసుగులో నుండి జనించెను. దాని సంతతి నేటికిని వాడుకలో నున్నది. సహోద్యోగి విసుగును వినుటకు తీఱిక గల మనుష్యుడొకడు దగ్గర నుండుటయే ఇందులోని రహస్యము.

ఈ సందర్భమున తెలుగునాటి వృత్తాంతమొకటి తలపునకు రాక మానదు. నల్లగొండ ప్రాంతమున ఆలేరు దగ్గఱి శారాజీపేటలో పోచంపల్లి రకపు చీరలు నేయు కుటుంబములు గలవు. రంగుల నమూనా కుదురుటకు ముందు నూలును అర్ధచంద్రాకారపు చట్రముపై గల మేకుల చుట్టును త్రిప్పవలెను. దీనిని ఆసు పోయుట అందురు. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిదివేల సార్లు ఇటునటు ఆడవలెను. ఈ పని ఇంటి స్త్రీలది. తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూచి చింతకింది మల్లేశము, చదువు చిన్ననాటనే ఆగిపోయినవాడైనను, యంత్రము చేయ పూనుకొనెను. ఏండ్ల తరబడి పని సగములో నిలిచిపోయెను. బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, బాలానగరులోని ఒక కర్మశాలలో మఱొక యంత్రము కదలికను చూచినప్పుడు చిక్కుముడి విడెను. 1999లో లక్ష్మి ఆసు యంత్రము పూర్తియయ్యెను. గంటల తరబడి పట్టిన ఆసు దాదాపు గంటన్నరలో ముగియసాగెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. ఇంజనీర్లకు, నేత సహకార సంఘములకు తరతరములుగా కనబడని కష్టము ఇంట నుండి చూచినవానికి కనబడినది.

జపాను దేశములో సకిచి టొయోడా కథయు ఇట్టిదే. పల్లెలో స్త్రీలు పడు నేతశ్రమను చూచి మగ్గములను మెరుగుపఱచుటకు ఆయన జీవితమును ధారపోసెను. 1924 నాటి ఆయన మగ్గమున పడుగు పోగు ఒక్కటి తెగినను యంత్రము తనంతట తానే ఆగును. అంతకుముందు తెగిన పోగును కనిపెట్టుటకు ఒక మనిషి కన్నార్పక కాపలా ఉండవలసి వచ్చెడిది. కన్నుగప్పినచో గజములకొలది బట్ట చెడిపోయెడిది. ఆ మగ్గపు హక్కులను 1929లో ఇంగ్లండు కంపెనీకి అమ్మిరి. టొయోడా కుమారుడు మోటారుకార్ల పరిశ్రమ నారంభించెను. దోషము కనబడిన చోటనే పని ఆపవలెనను మగ్గపు నీతి కార్ల కర్మాగారమునకు వచ్చెను. ఏ కార్మికుడైనను తప్పు చూచినప్పుడు త్రాడు లాగి పని నిలుపు హక్కు పొందెను. 1990ల నుండి ఈ నీతియే సాఫ్టువేరు లోకమున ప్రవేశించినది. నేడు ప్రోగ్రామరు ఒక మార్పు చేయగానే యంత్రము వందలకొలది పరీక్షలను తానే నడపి, ఒకటి తప్పినను ఆ మార్పును నిలుపుచున్నది. తెగిన పోగు వెంటనే కనబడినచో ముడివేయుట నిమిషములోని పని. మూడు నెలల తరువాత కనబడినచో బట్టయంతయు విప్పవలెను.

పరికరములతోపాటు కూర్చుండు చోటు గూడ విచారింపబడెను. ఐ.బి.ఎం. సంస్థ కాలిఫోర్నియాలోని శాంటా తెరేసాలో ప్రోగ్రామరులకై భవనము కట్టుటకు ముందు, వారు దినమంతయు ఏమి చేయుదురో పరిశీలింపజేసెను. ఒక్కొక్కరికి నూఱు చదరపు అడుగుల గది, పెద్ద బల్ల, చప్పుడు చొరని గోడలు అవసరమని తేలెను. 1977లో ఆ భవనము ప్రారంభమయ్యెను. తరువాత టామ్ డిమార్కో, టిమతీ లిస్టర్ అనువారు అనేక సంస్థల ప్రోగ్రామరులకు ఒకే పనినిచ్చి, ఎవరి కార్యాలయమున వారిచేత చేయించి పోల్చిరి. 1987లో వెలువడిన తమ గ్రంథమున ఆ ఫలితములను ప్రకటించిరి. మేటి పావువంతు వారికి సగటున 78 చదరపు అడుగుల చోటు ఉండెను. అడుగు పావువంతు వారికి 46 మాత్రమే. ప్రతిభ గలవారికే మంచి గదులు దొరకినవా, మంచి గదుల వలన ప్రతిభ వెలిగినదా అని శంకింపవచ్చును. ఐనను జీతమునకు వేలు వ్యయపఱచి, నిశ్శబ్దమునకు కాసు వ్యయపఱుపని సంస్థలకు ఈ అంకెలు మేలుకొలుపు పాడినవి. విశాలమైన హాలులో వందలమందిని ఒక్కచోట కూర్చుండబెట్టు ఆచారము మాత్రము పోలేదు.

ఈ కథలో తెలుగువారి పాత్ర 1990లలో పెద్దదయ్యెను. పాత ప్రోగ్రాములలో సంవత్సరమునకు రెండంకెలే వ్రాసియుండుటచే 2000 వచ్చినప్పుడు లెక్కలు తాఱుమారగునని పాశ్చాత్య సంస్థలు కలతపడెను. ఎవరో ఎప్పుడో వ్రాసి, వివరణ లేక విడిచిన కోబాలు ప్రోగ్రాములను పంక్తి పంక్తిగా చదివి దిద్దు పనికి మన యువకులు వేలకొలదిగా పూనుకొనిరి. 1998 నవంబరులో హైదరాబాదు సైబరు టవర్సు ప్రారంభోత్సవము జరిగెను. క్రమముగా ఒక్కొక్క సంస్థలో వేలమంది చేరిరి. అమెరికా పగలు మనకు రాత్రి. కావున సమావేశములు రాత్రి భోజనవేళకు జరుగుట వాడుకయయ్యెను. పరుల వ్రాతను వివరణ లేక చదువుట, అనుమతికై మఱొక ఖండమువారు నిద్రలేచువఱకు వేచియుండుట, దినమునకు నాలుగు సమావేశములకు హాజరగుట: నాటి అట్టల కిటికీ రూపము మార్చుకొని మరల వచ్చినది. జీతము హెచ్చుగా నుండుటచే ఈ కష్టము బయటివారికి కష్టముగా తోచదు. రాత్రివేళ కొడుకు గది తలుపు సందున వెలుతురు చూచు తల్లిదండ్రులకు మాత్రము తెలియును.

పనిని కొలుచుట ఎట్లను ప్రశ్న ఇక్కడనే పుట్టినది. 1911లో ఫ్రెడరిక్ టేలరు కర్మాగారపు పనిని గడియారముతో కొలిచి శాస్త్రమని పేరిడెను. ఆ త్రోవనే కొన్ని సాఫ్టువేరు సంస్థలు ప్రోగ్రామరు దినమునకు ఎన్ని పంక్తులు వ్రాసెనో లెక్కించిరి. పంక్తులను బట్టి మెప్పు వచ్చునన్నచో పంక్తులు పెరుగును, పని పెరుగదు. చాంతాడంత నోటు వ్రాసిన గుమాస్తాను మేటి గుమాస్తా యనుట వంటిదిది. 2014 నుండి ఏటేట వేలమంది అభిప్రాయములను సేకరించిన నికోల్ ఫోర్స్‌గ్రెన్, జెజ్ హంబుల్, జీన్ కిమ్ అనువారు 2018 నాటి గ్రంథమున వేఱు కొలతలను ప్రతిపాదించిరి. మార్పు వ్రాయబడినది మొదలు ప్రజల వాడుకకు వచ్చువఱకు ఎంత కాలము పట్టును, ఎన్నిసార్లు విడుదలయగును, ఎన్ని విడుదలలు వికటించును, వికటించినచో ఎంతలో చక్కబడును అనునవి ఆ కొలతలు. కేంద్ర కార్యాలయములలో పనిచేయువారికి ఇందలి మర్మము సులభముగా బోధపడును: ఫైలుపై నోటు వ్రాయుటకు అరగంట, ఫైలు బల్లనుండి బల్లకు పోవుటకు మూడు వారములు! అరగంటను ఇరువది నిమిషములు చేయుటకంటె మూడు వారములను మూడు దినములు చేయుట మేలు.

ఆ పరిశోధనలో రెండు సంగతులు విశేషమైనవి. వేగమును నిలుకడయు ఒకదానికొకటి పగవి కావు. చిన్న చిన్న మార్పులు తఱచుగా చేయు సంస్థలలో రెండును కలసియున్నవి. రెండవది, చెడువార్త తెచ్చినవానిని దండించు సంస్థలకంటె, ఆ వార్తను వెంటనే వినగోరు సంస్థలు మెరుగుగా పనిచేయుచున్నవి. ఈ భేదమును రాన్ వెస్ట్రమ్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు వైమానిక, వైద్య రంగములలోని ప్రమాదములను పరిశీలించి 2004లో విశదీకరించియుండెను. 2021లో ఫోర్స్‌గ్రెన్ మొదలగువారు మఱొక వ్యాసమున, ప్రోగ్రామరు ఫలసాధనను ఏ ఒక్క అంకెతోను కొలువరాదనియు, వాని తృప్తి, ఆరోగ్యము, తోటివారితో పొత్తు, అంతరాయము లేని పనివేళ గూడ లెక్కలోనికి రావలెననియు వాదించిరి. లియోను నేతగాండ్రు 1831లో వీథికెక్కి చెప్పినదానిలో కొంత ఇందు పత్రికాభాషలో చెప్పబడినది.

ఇటీవలి కాలమున కృత్రిమ మేధ ప్రోగ్రాములు వ్రాయుట నేర్చినది. ఇక ప్రోగ్రామరు శ్రమ తీఱినదని కొందఱును, వాని కొలువు తీఱినదని మఱికొందఱును పలుకుచున్నారు. 2025లో అమెరికాలోని ఎం.ఇ.టి.ఆర్. అను పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామరులకు వారు చిరకాలముగా ఎఱిగిన ప్రోగ్రాములలోనే 246 పనులనిచ్చి పరీక్షించెను. కొన్నిటికి కృత్రిమ మేధను వాడనిచ్చి, కొన్నిటికి వాడనీయలేదు. వాడినప్పుడు పని నూటికి ఇరువదివంతులు త్వరగా ముగిసినదని వారు తలంచిరి; గడియారము చూడగా పందొమ్మిదివంతులు ఆలస్యమైనదని తేలెను. పదునాఱుగురి సంగతిని బట్టి లోకమునకంతకు తీర్పు చెప్పరాదు. పరికరములును నెలనెలకు మారుచున్నవి. కాని క్రొత్త పరికరము మేలు చేసినదా లేదా యనుట పని చోటనే, పనిచేయువారితో కలసి తేల్చుకొనవలెనని దీనివలన స్పష్టమగుచున్నది. యంత్రము వ్రాసినదానిని చదివి సరిచూచువాడు ఇంకను మనుష్యుడే. తెగిన పోగును వెదకు కన్ను వానిదే.

ఇక మగ్గము కథకు మిగిలిన భాగము. ఇంగ్లండులోని బోనస్ కంపెనీ 1983లో మిలాను ప్రదర్శనమున ఎలక్ట్రానిక్ జకార్డును చూపెను. అట్టల స్థానమున కంప్యూటరు ఆజ్ఞలు వచ్చినవి. సూరతు పరిసరములలో నేడు చీరల నమూనాలు కంప్యూటరు తెరపై గీయబడి, ఫైలు రూపమున మగ్గములకు అందుచున్నవి. మగ్గమునుండి బయలుదేరిన చిల్లుల అట్ట, కంప్యూటరును పుట్టించి, ప్రోగ్రామై తిరిగి మగ్గమునకు చేరినది. మరమగ్గము ముందు నిలిచిన తండ్రియు, ప్రోగ్రాము వ్రాయు బిడ్డయు ఇప్పుడు ఒకే బట్టకు రెండు వైపుల నున్నవారు. తెరపై తప్పిన చుక్క మగ్గముపై తప్పిన పువ్వగును. ఆ పువ్వును ముందు చూచువాడు మగ్గము దగ్గఱివాడే. అతడు చెప్పిన మాట తెర ముందున్నవానికి చేరు దారి ఎంత దగ్గరగా నుండునో బట్ట అంత చక్కగా వచ్చును.

జకార్డు, ఫెల్డ్‌మన్, మల్లేశము వేర్వేరు దేశములవారు, వేర్వేరు చదువులవారు. మువ్వురును చేసినది మాత్రము ఒక్కటే. కష్టము జరుగు చోట నిలిచి, కష్టపడువాని చేతిని చూచిరి. పిమ్మట పరికరమును చేసిరి. నేడు తెలుగువారిలో అనేకులు కార్యాలయములకు, శాఖలకు, సాఫ్టువేరు బృందములకు అధిపతులై యున్నారు. క్రొత్త యంత్రము కొనుటకు ముందును, క్రొత్త రిజిస్టరు పెట్టుటకు ముందును, తమ క్రింద పనిచేయువాని ప్రక్కన ఒక పూట కూర్చుండి, నీ పొద్దు ఎక్కడ పోవుచున్నదని అడుగుటకు వారికి ఏ మంజూరును అక్కఱలేదు. ఆ ప్రశ్నకు వచ్చు జవాబును శ్రద్ధతో వినినచో, తొమ్మిదివేల సార్లు ఆడవలసిన చేతికి కొంత విశ్రాంతి దొరకును.